కనబడని కోటకు కావలి

గోలకొండ కోటను చూడబోయినవారికి అక్కడి మార్గదర్శకులు మొట్టమొదట ఒక వింతను చూపుదురు. ఫతే దర్వాజా గుమ్మటము క్రింద నిలిచి చప్పట్లు చరచినచో, ఆ చప్పుడు సుమారు ఒక కిలోమీటరు దూరమున, కొండకొమ్మున నున్న బాలా హిస్సారులో వినబడును. శత్రువు వాకిటికి వచ్చినాడను వార్తను పైనున్నవారికి తెలుపుటకు ఈ ఏర్పాటు ఉపయోగపడెడిదని చెప్పుదురు. అయితే చప్పట్లు వినబడినంత మాత్రమున శత్రువు ఆగడు. విన్నవాడు ఆజ్ఞ ఇయ్యవలెను. ఆ ఆజ్ఞ క్రిందికి చేరవలెను. అప్పుడుగాని తలుపు మూతపడదు. శత్రువు గుర్రముల మీదను, ఏనుగుల మీదను వచ్చు కాలమున ఇందుకు కావలసిన వ్యవధి యుండెను. రెప్పపాటులో లోనికి దూరగల శత్రువు వచ్చినచో ఏమి చేయవలెను? కంప్యూటరుల లోకమున ఈ ప్రశ్న నిజముగనే పుట్టినది. దానికి సమాధానముగా ఏర్పడినదే ‘ఇంట్రూజన్ ప్రివెన్షన్ సిస్టమ్’. దీనిని మనము ‘చొరబాటు నిరోధక వ్యవస్థ’ అని చెప్పుకొనవచ్చును.

నేడు బ్యాంకులు, ఆసుపత్రులు, రైల్వేలు, విద్యుత్కేంద్రములు, ప్రభుత్వ కార్యాలయములు—వీనిలో ఏదియు కంప్యూటరులు లేనిదే నడువదు. ఆ కంప్యూటరులను ఒకదానితో నొకటి కలిపిన ఏర్పాటునకు నెట్‌వర్కు అని పేరు. నెట్‌వర్కులో సమాచారము ఏటి నీటివలె ఎడతెగక ప్రవహింపదు. అది చిన్న చిన్న తునకలుగా విడిపోయి, ఒక్కొక్క తునక ఒక్కొక్క ఉత్తరమువలె ప్రయాణము చేయును. ఈ తునకలను ప్యాకెట్లు అందురు, మనము పొట్లములందము. పొట్లము పైభాగమున పంపినవాని చిరునామా, చేరవలసినవాని చిరునామా ఉండును. వీనితోపాటు పోర్టు అను సంఖ్య యొకటి యుండును. ఒక పెద్ద భవనమునకు వీధి చిరునామా ఒక్కటే యైనను, లోపలి గదులకు వేరువేరు సంఖ్యలుండును గదా! పోర్టు అట్టి గది సంఖ్య. ఉత్తరములు చేరవేయు పనికి 25వ సంఖ్య, వెబ్ పుటలకు 80, రహస్య లిపిలో పోవు వెబ్ పుటలకు 443—ఇట్లు పనిని బట్టి సంఖ్యలు నిర్ణయింపబడి యున్నవి.

ఈ కోటకు మొదట ఏర్పడిన కావలి ఫైర్‌వాల్. ఇది పొట్లముపై వ్రాసిన చిరునామాను, గది సంఖ్యను చూచును. “ఈ గదికి బయటివారు రావచ్చును, ఆ గదికి రారాదు” అని యజమాని ఇచ్చిన పట్టికను అనుసరించి కొన్నిటిని విడుచును, కొన్నిటిని ఆపును. ఇది మంచి పనియే. కాని ఇందొక లోపము కలదు. దొంగ మూసిన వాకిటిని తట్టుట మాని, అందరును వచ్చు వాకిటనే, అందరివలెనే వచ్చినచో నేమగును? చిరునామా సరిగానే యున్నది. గది సంఖ్య సరిగానే యున్నది. విషము మాత్రము కవరు లోపలి ఉత్తరమున నున్నది.

ఉత్తరమున విషమెట్లుండునో ఒక ఉదాహరణముతో గ్రహింపుడు. ఒక దరఖాస్తు పత్రములో పేరు వ్రాయుటకు పదునారు గళ్లు ఉన్నవనుకొనుడు. దాని ప్రక్కనే అధికారి ఆజ్ఞ వ్రాయవలసిన స్థలమున్నది. ఒక జిత్తులమారి తన పేరు నాలుగువందల అక్షరముల పొడవున వ్రాసెను. గళ్లు దాటి పోయిన అక్షరములు అధికారి ఆజ్ఞ యుండవలసిన చోట పడినవి. ఆ అక్షరములను అతడు “ఖజానా తెరువుడు” అను మాటగా కూర్చెను. గుమాస్తా అక్షరములను లెక్కింపక, అది అధికారి ఆజ్ఞయే యని నమ్మి ఖజానా తెరచెను. కంప్యూటరు ప్రోగ్రాములలో గళ్లను లెక్కింపని ఇట్టి గుమాస్తాలు అప్పుడప్పుడు ఉందురు. వారి ఏమరుపాటే దొంగలకు దారి.

చొరబాటును కనిపెట్టిన తొలి ప్రసిద్ధ కథలలో ఒకటి 1986వ సంవత్సరమున అమెరికాలో జరిగినది. కాలిఫోర్నియా రాష్ట్రములోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు కంప్యూటరుల పనిని చూచుచుండెను. ఆ దినములలో కంప్యూటరును వాడుకొన్నవారు కాలమునకు తగిన రుసుము చెల్లింపవలసి యుండెను. ఒక నెల లెక్కలలో 75 సెంట్లు తేడా వచ్చెను. అంత స్వల్పమైన మొత్తమును ఎవ్వరైనను విడిచిపెట్టియుందురు, స్టోల్ విడువలేదు. ఎవడో తొమ్మిది సెకండ్ల కాలము రుసుము చెల్లింపక కంప్యూటరును వాడుకొన్నాడని ఆయన తెలిసికొనెను. ప్రయోగశాలకు వచ్చు టెలిఫోను తీగలకు అచ్చు యంత్రములను తగిలించి, ఆ అజ్ఞాతవ్యక్తి కొట్టిన ప్రతి అక్షరమును కాగితముపై పడునట్లు చేసెను. అతడు ప్రవేశించినప్పుడు తన నడుమునకున్న పేజరు మ్రోగునట్లు ఏర్పాటు చేసికొనెను. నెలల తరబడి సాగిన ఆ కావలి ఫలితముగా, దొంగ పశ్చిమ జర్మనీలోని హానోవరు నగరమునుండి వచ్చుచున్నాడనియు, అమెరికా సైనిక సమాచారమును వెదకి సోవియట్ గూఢచారి సంస్థకు అమ్ముచున్న ముఠాలోని వాడనియు బయటపడెను. 1990లో అక్కడి న్యాయస్థానము అతనికిని అతని తోడివారికిని శిక్ష విధించెను. ఈ కథను స్టోల్ 1989లో ఒక గ్రంథముగా ప్రకటించి, దానికి ‘కోకిల గ్రుడ్డు’ అని అర్థము వచ్చు పేరు పెట్టెను. కోకిల తన గ్రుడ్డును కాకిగూటిలో పెట్టినట్లు, దొంగ తన ప్రోగ్రామును ఇతరుల కంప్యూటరులో పెట్టి పొదిగించుకొన్నాడు!

ఒక మనిషి రాత్రింబవళ్లు మేలుకొని చేసిన పనిని యంత్రము చేయలేదా? ఈ ఆలోచన అప్పటికే కొందరికి కలిగియుండెను. 1980లో జేమ్స్ ఆండర్సన్ అను నిపుణుడు, కంప్యూటరు తనంతట తాను వ్రాసిపెట్టుకొను దినచర్యను పరిశీలించి తప్పుడు నడతను పట్టవచ్చునని ఒక నివేదికలో తెలిపెను. 1987లో డొరతీ డెనింగ్ అను విదుషి ఈ ఆలోచనకు ఒక శాస్త్రీయమైన రూపమిచ్చెను. ప్రతి మనిషి నడవడికకును ఒక తీరుండును. పగలు పదిగంటలకు వచ్చి ఇరువది పత్రములు చూచిపోవు గుమాస్తా పేరుతో, అర్ధరాత్రి రెండు గంటలకు ఎవరో ఇరువదివేల పత్రములు అడిగినచో, అది అనుమానింపదగిన విషయమే గదా! ఇట్టి వింత నడతను పసిగట్టి అధికారికి వార్త పంపు యంత్రములు క్రమముగా వచ్చినవి. వీనిని చొరబాటు గుర్తింపు వ్యవస్థలందురు. ఇవి గోలకొండ చప్పట్ల వంటివి. వార్త తెలుపును గాని తలుపు మూయవు.

చప్పట్లు మాత్రము చాలవని లోకమునకు బోధపరచిన దినములలో ఒకటి 2003వ సంవత్సరము జనవరి 25వ తేదీ. ఆనాడు భారత కాలమానము ప్రకారము ఉదయము సుమారు పదునొకండు గంటలకు ‘స్లామర్’ అను కంప్యూటరు పురుగు ఇంటర్నెట్టుపై పడెను. కంప్యూటరు పురుగు అనగా ఒక యంత్రమున దూరి, అచ్చటినుండి తన ప్రతిరూపములను తానే ఇతర యంత్రములకు పంపుకొను ప్రోగ్రాము. స్లామర్ చాల చిన్నది; దాని శరీరమంతయు 376 బైట్లే. ఒక్క పొట్లములో అది సంపూర్ణముగా ఇమిడిపోయెను. ఇందాక చెప్పిన గుమాస్తా వంటి లోపము మైక్రోసాఫ్టు సంస్థవారి ఒక డేటాబేసు ప్రోగ్రాములో నుండెను; స్లామర్ 1434వ పోర్టు ద్వారా వచ్చి ఆ లోపమునుండి లోనికి దూరెను. తొలి నిమిషమున దాని సంతతి ఎనిమిదిన్నర సెకండ్లకొకసారి రెట్టింపగుచు వచ్చెను. ఆ లోపముగల కంప్యూటరులలో నూటికి తొంబదికి పైగా పది నిమిషములలోనే దాని పాలబడెను. అట్లు చిక్కిన యంత్రములు 75 వేలకు తక్కువ గావు. అమెరికాలో ఒక పెద్ద బ్యాంకు ఏటీఎంలు డబ్బు ఇయ్యకపోయెను. దక్షిణ కొరియాలో ఇంటర్నెట్టు స్తంభించెను.

స్టోల్‌కు నెలలు చిక్కినవి. స్లామర్ పది నిమిషములే ఇచ్చెను. పేజరు మ్రోగిన పిమ్మట అధికారి లేచి, కండ్లు నులుముకొని, యంత్రము కడకు వచ్చుసరికే అంతయు ముగిసిపోవును. కావున వార్త పంపు కావలివాడు చాలడనియు, చూచినవాడే ఆ క్షణమున ఆపవలెననియు జనులు గ్రహించిరి. చొరబాటు నిరోధక వ్యవస్థ యొక్క మూలసూత్రమిదియే.

గుర్తింపు వ్యవస్థకును నిరోధక వ్యవస్థకును ముఖ్యభేదము అవి నిలుచు చోటిలో నున్నది. మొదటిది దారి ప్రక్కన నిలిచి, పోవు పొట్లముల నకళ్లను చూచును. రెండవది దారికి అడ్డముగా నిలుచును. ప్రతి పొట్లమును దాని చేతులమీదుగానే లోనికి పోవలెను. అది ‘పొమ్మ’న్నగాని పోరాదు. కవరును మాత్రమే గాక, లోపలి ఉత్తరమును కూడ అది చదువును. దొంగలు ఒక్కొక్కప్పుడు చెడుమాటను రెండు మూడు ముక్కలుగా విరిచి, వేరువేరు పొట్లములలో పంపుదురు. అందుచేత ఈ వ్యవస్థ ముక్కలను వరుసగా పేర్చి, పూర్తి వాక్యమును కూర్చి చదివి నిర్ణయము చేయును. ఇదంతయు సెకండులో వేయవవంతు కంటెను తక్కువ కాలమున జరుగవలెను. లేనిచో వాకిట బారులు తీరి, కోటలోని పనులన్నియు కుంటుపడును.

మంచి పొట్లమును చెడ్డ పొట్లమునుండి ఇది వేరుచేయు విధానములు ముఖ్యముగా మూడు.

మొదటిది గుర్తులను బట్టి పట్టుట. పోలీసు ఠాణాలో పాత నేరస్థుల వేలిముద్రలు భద్రపరచినట్లు, ఇదివరకు తెలిసిన దాడుల గుర్తులను ఒక పట్టికగా వ్రాసియుంతురు. స్లామర్ విషయమున గుర్తు సులభమే: 1434వ పోర్టునకు వచ్చుచున్నది, మొదటి బైటు విలువ 4, పిదప ఉండదగినదానికంటె మిక్కిలి పొడవైన వ్రాత. ఈ లక్షణములు కలసినచో ఆపవలెను. 1998లో మార్టిన్ రోష్ అనునతడు వ్రాసి ఉచితముగా లోకమున కిచ్చిన ‘స్నార్ట్’ అను ప్రోగ్రాము ఈ పద్ధతికి ప్రసిద్ధి చెందినది. అయితే వేలిముద్ర లేని క్రొత్త దొంగను ఈ పద్ధతి పట్టలేదు.

రెండవది అలవాటును బట్టి పట్టుట. నెట్‌వర్కు సామాన్యముగా ఎట్లు మెలగునో కొంతకాలము గమనించి, ఆ తీరునకు విరుద్ధమైనదానిని అనుమానించుట. డెనింగ్ చెప్పినది ఇదియే. దీనివలన క్రొత్త దొంగయు చిక్కవచ్చును. గాని పండుగనాడు ఎక్కువగా వచ్చిన చుట్టములు కూడ దొంగలుగా కనబడవచ్చును.

మూడవది మర్యాదను బట్టి పట్టుట. కంప్యూటరులు మాటలాడుకొనుటకు ప్రొటోకాల్ అను నియమావళులు కలవు. ఎవరు ముందు పలుకవలెను, ఎంత పొడవున పలుకవలెను అను విషయములు అందు నిర్ణయింపబడినవి. ఆ మర్యాదను మీరి మాటలాడువానిని ఈ వ్యవస్థ నిలదీయును.

అనుమానము రూఢియైనప్పుడు వ్యవస్థ ఆ పొట్లమును పారవేయవచ్చును. ఆ సంభాషణను మధ్యలో త్రెంచవచ్చును. ఆ చిరునామానుండి కొంతకాలము ఏమియు రాకుండ చేయవచ్చును. ఏమి చేసినను, చేసిన పనిని వ్రాసియుంచి అధికారికి తెలుపును.

ఇంతవరకు విన్నవారికి “అనుమానము కలిగినదెల్ల ఆపివేసిన సరిపోవును గదా!” అని తోచవచ్చును. ఇచ్చటనే అసలు చిక్కున్నది. ఒక చిన్న లెక్క వేయుడు. ఒక దినమున పదిలక్షల పొట్లములు వచ్చినవనియు, వానిలో పది మాత్రమే దొంగవనియు అనుకొనుడు. కావలివాడు మిక్కిలి సమర్థుడు. వేయింటికి ఒక్కమారు మాత్రమే పొరబడును. అయినను మంచి పొట్లములలో సుమారు వేయింటిని దొంగవని పట్టుకొనును. పట్టుబడిన ప్రతి దొంగకును నూరుగురు నిరపరాధులు చిక్కినట్లయినది! ఆ ఆపబడిన వానిలో ఒకటి ఆసుపత్రిలో వైద్యుడు ఎదురుచూచుచున్న రక్తపరీక్ష ఫలితము కావచ్చును. దొంగను విడుచుట ఒక తప్పు; దొరను పట్టుట మరియొక తప్పు. ఒకటి తగ్గింపబోయిన రెండవది పెరుగును. కావున వివేకులైన నిర్వాహకులు క్రొత్త నియమమును కొన్ని దినములు చూచుటకు మాత్రమే నియోగించి, అది పొరబడుట లేదని తెలిసిన పిదపనే ఆపు అధికారమును దానికిత్తురు.

కావలివాని పొరపాటు ఎంత దూరము పోవునో 2024వ సంవత్సరము జూలై 19వ తేదీన లోకము చూచినది. క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ కంప్యూటరులను దాడులనుండి కాపాడు ప్రోగ్రామును తయారుచేయుచున్నది. అది వాకిట గాక ఒక్కొక్క యంత్రము లోపలనే కూర్చుండు కావలి. ఆనాడు ఆ సంస్థ పంపిన క్రొత్త సమాచారములో దోషముండుటచే సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటరులు ఒక్కమారుగా ఆగిపోయెను. అందు శత్రువెవ్వడును లేడు. కావలివాడే మూర్ఛపోయి వాకిటికి అడ్డముగా పడెను. అనేక దేశములలో విమానములు నిలిచిపోయినవి. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులతో విమానమెక్కిరి. కావలివాడు పడిపోయినప్పుడు తలుపు తెరచియుండవలెనా, మూసియుండవలెనా అను ప్రశ్నకు ప్రతి సంస్థయు ముందుగనే సమాధానము నిర్ణయించుకొనవలెను. రహస్యములు ముఖ్యమైనచో మూసియుంచుట మేలు. పని ఆగరానిచో తెరచియుంచుట మేలు.

ఇన్ని చిక్కులున్నను ఈ కావలిని ఎందుకు విడువరాదో 2017వ సంవత్సరము మే 12వ తేదీ తెలుపును. ఆనాడు ‘వన్నాక్రై’ అను పురుగు బయలుదేరి, విండోస్ కంప్యూటరులలో 445వ పోర్టువద్ద నున్న లోపముగుండ దూరి, లోపలి పత్రములన్నిటిని రహస్యలిపిలోనికి మార్చి తాళము వేసెను. తాళము తీయవలెనన్న 300 డాలర్లు చెల్లింపుమని తెరమీద వ్రాసెను. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములు దాని వాతబడెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటరులు కూడ వానిలో నుండెను. ఇంగ్లండులో ప్రభుత్వ ఆరోగ్యసేవకు చెందిన 236 ట్రస్టులలో కనీసము 80 ఇబ్బందిపడెను. ముందుగా నిర్ణయింపబడిన వైద్యపరీక్షలు, శస్త్రచికిత్సలు వేలకొలది రద్దయినవి. కొన్ని ఆసుపత్రులు అత్యవసర రోగులను వేరుచోటికి పంపవలసి వచ్చెను.

శోచనీయమైన విషయమేమనగా, ఆ లోపమును సవరించు మందును మైక్రోసాఫ్టు సంస్థ మార్చి 14వ తేదీననే, అనగా సుమారు రెండు నెలల ముందే ప్రకటించియుండెను. స్లామర్ విషయమునను అట్లే. మందు ఆరు నెలల ముందే సిద్ధముగా నుండెను. మందున్నను వేసికొననివారే రోగము పాలైరి. అయితే వారందరును సోమరులని తలపరాదు. రోగుల శరీరమును చిత్రించు యంత్రములు కొన్ని పాత ప్రోగ్రాములతోనే నడుచును. తయారుచేసినవారి అనుమతి లేక వానిని మార్చుటకు వీలుండదు. ఇట్టి యంత్రములకు నిరోధక వ్యవస్థ గొప్ప అండ. గోడకు పడిన బీటను వెంటనే పూడ్చలేనప్పుడు, ఆ బీటకెదురుగా ఒక భటుని నిలుపుదురు గదా! అట్లే, యంత్రమును ముట్టకుండ, ఆ లోపమును వెదకివచ్చు పొట్లములను మాత్రము దారిలోనే ఆపుదురు. గోడ బాగగు వరకు ఆ భటుడు కాలము సంపాదించి ఇచ్చును.

అయినను ఈ కావలికి చూపందని చోట్లు కలవు. నేడు ఇంటర్నెట్టులో పోవు ఉత్తరములలో అధికభాగము రహస్యలిపిలో నుండును. అది మన గోప్యతకు మేలే. కాని కావలివాడు కవరును చూడగలడు గాని లోపలి వ్రాతను చదువలేడు. కొన్ని సంస్థలు తమ వాకిట ఆ లిపిని విప్పి, చదివి, మరల మూసి పంపును. అట్లు చేయునప్పుడు పనివారి సొంత విషయములు బయటపడకుండ జాగ్రత్త వహింపవలెను. అన్నిటికంటె కష్టమైనది, ఇంటివాడే తాళపుచెవి ఇచ్చినప్పటి సంగతి. ఎవరో బ్యాంకు అధికారినని ఫోనులో చెప్పగా నమ్మి సంకేతపదమును చెప్పినవాని పేరుతో దొంగ లోనికి వచ్చినచో, కావలివాని కంటికి వాడు దొరయే.

గోలకొండ కథ తుదిభాగమును కూడ ఇచ్చట స్మరింపవలెను. 1687లో మొగలు చక్రవర్తి ఔరంగజేబు సైన్యము ఆ కోటను సుమారు ఎనిమిది నెలలు ముట్టడించెను. ఫిరంగులు ప్రేలినవి, గోడల క్రింద మందుగుండు పెట్టిరి. కోట చిక్కలేదు. తుదకు లోపలి సేనానులలో ఒకడు లంచమునకు లోబడి, ఒక రాత్రి ద్వారము తెరచెను. కోట పడిపోయెను. ఆ రాత్రి గుమ్మటము క్రింద చప్పట్లు చరచుటకు ఎవ్వరును మిగులలేదు.

విద్యార్థులారా! ఏ వ్యవస్థయు తనంతట తాను కోటను కాపాడదు. గుర్తుల పట్టికను దినదినము క్రొత్తది చేయువాడు ఒకడుండవలెను. ఆపబడిన పొట్లములలో అన్యాయముగా ఆపబడినవి ఏవో వెదకి విడిపించువాడు ఒకడుండవలెను. లోపమునకు మందు వచ్చిన దినముననే వేయువాడు ఒకడుండవలెను. మీ యింట ఒక్క ఫోను మాత్రమే యున్నను ఈ మాట వర్తించును. అది క్రొత్త సవరణను అడిగినప్పుడు ‘రేపు చూతము’ అనకుడు. సంకేతపదమును ఎవ్వరడిగినను చెప్పకుడు. కావలివాడు ఎంతటి సమర్థుడైనను, లోపలివారు మేలుకొని యున్నంతవరకే అది కోట.